నీటిబాట నిర్మాత రికే

ఫ్రాన్సు దేశానికి దక్షిణాన గరోన్ నది ఒడ్డున తులూజ్ నగరముంది. అక్కడినుండి మధ్యధరా సముద్రతీరంలోని సెత్ రేవువరకు 240 కిలోమీటర్ల పొడవున ఒక కాలువ పోతున్నది. దానిని మిదీ కాలువ అంటారు. దక్షిణదేశపు కాలువ అని ఆ మాటకు అర్థం. కాలువ గట్టుమీద ఒక సన్నని బాట ఉంది. ఒకప్పుడు గుర్రాలు తాడు కట్టి పడవలను లాగుకొని పోవడానికి వేసిన బాట అది. ఈనాడు ఆ బాటపై గుర్రాలు లేవు. దేశదేశాలనుండి వచ్చిన సైకిలు యాత్రికులు తమ సామానులను సైకిళ్లకు కట్టుకొని, పల్లె వెంట పల్లె దాటుతూ, రోజులతరబడి ఆ గట్టు వెంటనే ప్రయాణం చేస్తూ ఉంటారు. మోటారు బండ్ల రొద అక్కడ లేదు. ఒకవైపు నీరు, ఒకవైపు గోధుమచేలో ద్రాక్షతోటలో, నడుమ నడుమ లాకులు, లాకుల పక్కన కాపరులకోసం కట్టిన చిన్న చిన్న ఇళ్లు. ఇవే ఆ యాత్రలో తోడు.

ఫ్రాన్సులో ఇట్టి బాటలు నేడు పెక్కు ఉన్నాయి. రైళ్లు నిలిచిపోయిన కట్టలను, పాత కాలువల గట్లను బాగుచేసి, మోటారు బండ్లకు ప్రవేశం లేని బాటలుగా మార్చారు. ఐతే మిదీ కాలువ బాటకు ఉన్నంత కథ వేరొకదానికి ఉండడం అరుదు. ఆ బాట వెంట పోయేవానికి రెండు సంగతులు ఆశ్చర్యం గొలుపుతాయి. బాట ఎక్కడా తిన్నగా పోదు. కొండ మొదలు చుట్టి, పొలాలను ఒరసి, పాములాగా మెలికలు తిరుగుతుంది. అయినా దానిమీద ఎక్కుడు దిగుడు ఉన్నట్లే తోచదు. మెలిక ఎందుకు? సమత ఎట్లా వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం మూడువందల యాభై ఏండ్లకు పైబడిన ఒక జీవితచరిత్రలో ఉంది. ఆ జీవితం పియేర్-పోల్ రికే అనే ఉప్పుపన్ను ఇజారాదారునిది.

ఉప్పు ఇజారా

రికే 1609వ సంవత్సరంలో బెజియే పట్టణంలో జన్మించాడని పెక్కుమంది చరిత్రకారుల నిర్ణయం. తండ్రి ఆ పట్టణంలో పలుకుబడి గల న్యాయవ్యవహారి. బాలుడు జెసూయిట్ మతగురువుల పాఠశాలలో చదివాడు. ఆ కాలంలో చదువంటే లాటిన్, గ్రీకు భాషలే. ఆ రెండూ రికేకు అబ్బలేదు. అతని అభిరుచి లెక్కలమీద, ప్రకృతిశాస్త్రంమీద నిలిచింది. పందొమ్మిదవ ఏట కేథరీన్ ద మిలో అనే కన్యను వివాహమాడాడు. పిమ్మట ఉప్పుపన్ను వసూలు కొలువులో చేరి, క్రమక్రమంగా పైకి వచ్చి, లాంగ్‌డాక్ రాష్ట్రమంతటికీ ఆ పన్ను ఇజారా పొందాడు.

ఉప్పుమీద పన్ను ఎట్టిదో 1930 నాటి సత్యాగ్రహాన్ని ఎరిగిన మన దేశస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఫ్రాన్సులో దాని పేరు గాబెల్. రాజుగారి కొట్లలోనే ఉప్పు కొనాలి. అక్కడ చెప్పిన ధరే ధర. దొంగచాటుగా ఉప్పు అమ్మినవారికి కఠినశిక్షలు పడేవి. ఇజారాదారు రాజుకు కట్టవలసిన మొత్తం కట్టి, మిగిలినది తాను ఉంచుకొనేవాడు. ఈ వ్యాపారంవల్ల, స్పెయిన్ సరిహద్దు యుద్ధాలలో సైన్యానికి సరుకులు అందించే కాంట్రాక్టులవల్ల రికే గొప్ప ధనవంతుడైనాడు. 1652లో తులూజ్ సమీపాన బోంరెపో అనే జమీనును, కోటను కొని అక్కడ నివాసం ఏర్పరచుకొన్నాడు.

ఆ వయస్సులో, ఆ సంపదతో మరొకడైతే సుఖంగా కాలం గడిపేవాడు. కాని ఉద్యోగరీత్యా లాంగ్‌డాక్ దేశమంతా గుర్రంమీద తిరుగుతున్న రికే మనస్సును పాత ఆలోచన ఒకటి పట్టుకొని వదలలేదు. అది అతడు పుట్టించిన ఆలోచన కాదు. రోమనుల కాలంనుండి దేశంలో ఉన్నదే. అట్లాంటిక్ మహాసముద్రంనుండి మధ్యధరా సముద్రానికి పోవలసిన ఓడ స్పెయిన్ దేశాన్నంతా చుట్టి, జిబ్రాల్టర్ జలసంధి గుండా పోవాలి. దారి సుమారు మూడువేల కిలోమీటర్లు. తుపానుల భయం ఒకటి, సముద్రపు దొంగల భయం మరొకటి. ఫ్రాన్సు నడుము మీదుగా కాలువ తవ్వితే ఈ బాధ తప్పుతుంది. ఈ సంగతి ఒకరి తరువాత ఒకరుగా రాజులందరికీ తెలుసు. ఫ్రాన్స్వా రాజు 16వ శతాబ్దిలో ఈ విషయమై లియొనార్డో డావించీని సంప్రదించాడని చెప్తారు. ప్రతిపాదనలు వచ్చాయి; కాగితాలమీదనే మిగిలిపోయాయి.

నోరూజ్ మిట్ట

ప్రతిపాదనలన్నీ మూలబడడానికి కారణం ఒక్కటే. తులూజ్‌కు తూర్పున నోరూజ్ అనే చోట భూమి ఎత్తుగా ఉంటుంది. సముద్రమట్టానికి సుమారు 190 మీటర్ల ఎత్తు. కొండ కూడా కాదు, మిట్ట మాత్రమే. కాని ఆ మిట్టకు పడమట పడిన వాన అట్లాంటిక్ వైపు, తూర్పున పడిన వాన మధ్యధరా వైపు పోతుంది. కాలువ ఏ దారిన పోయినా ఈ మిట్ట ఎక్కి దిగక తప్పదు.

పడవను మిట్ట ఎక్కించడానికి లాకులున్నాయి. లాకు అంటే రెండు తలుపుల నడుమ ఉన్న నీటి తొట్టి. దిగువ తలుపు తెరిచి పడవను లోపలికి తెచ్చి, తలుపు మూసి, పైనుండి నీరు వదిలితే పడవ నీటితోపాటు పైకి లేస్తుంది. దిగేటప్పుడు ఇదే పని తలకిందుగా చేయాలి. ఐతే పడవ మిట్ట దాటిన ప్రతిసారీ ఒక తొట్టెడు నీరు అటు, ఒక తొట్టెడు నీరు ఇటు దిగిపోతుంది. ఆ నీరు ఎక్కడనుండి రావాలి? కిందినుండి రాదు. మిట్టకంటె ఎత్తైన చోటనుండే రావాలి. ఏడాది పొడవునా, ఎండాకాలంలో కూడా రావాలి. కాలువ తవ్వడం అసలు సమస్య కాదు. మిట్టపైకి నీరు తేవడమే అసలు సమస్య. అంతకుముందు ఆలోచించినవారందరూ ఆగిపోయిన చోటు అదే.

రికే చూపు ఉత్తరానికి మళ్లింది. అక్కడ నల్లకొండలని పేరుబడిన పర్వతశ్రేణి ఉంది. వానలు విస్తారంగా కురిసే అడవులవి. ఆల్జో, బెర్నాసోన్, లాంపీ, సోర్ మొదలైన సెలయేళ్లు వాటినుండి తలొక దిక్కుకు పారుతున్నాయి. ఈ ఏళ్లన్నిటినీ కొండపక్కన వాలుకాలువ తవ్వి పట్టి, కలిపి, నోరూజ్‌కు మళ్లించవచ్చునని రికే గ్రహించాడు. ఈ గ్రహింపులో అతనికి తోడైనవాడు రెవెల్ పట్టణపు ఊటబావుల మేస్త్రి పియేర్ కాంప్మా. ఆ కొండల్లో ఏ వాగు ఎప్పుడు పారుతుందో, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో అతనికి కరతలామలకం. లెక్కలు గట్టి పటాలు గీయడానికి ఫ్రాన్స్వా ఆంద్రెయొస్సి అనే యువకుడు సమకూడాడు. రికే తానుగా ఇంజనీరు చదువు చదివినవాడు కాడు. తెలిసినవారిని వెతికి పట్టుకొని, వారి మాట విని, పరీక్షించి చూడడమే అతని విద్య. బోంరెపో తోటలో చిన్న కాలువ, చిన్న లాకులు, చిన్న సొరంగం కట్టించి నీరు పారించి చూశాడు. పెద్దదానిలో వచ్చే తప్పు చిన్నదానిలోనే బయటపడాలని అతని ఉద్దేశం.

రాజాజ్ఞ

1662 నవంబరులో రికే పదునాల్గవ లూయీ రాజు ఆర్థికమంత్రి కోల్బేర్‌కు లేఖ వ్రాసి తన పథకాన్ని నివేదించాడు. తులూజ్ ఆర్చిబిషప్పు అండగా నిలిచాడు. దేశంలో వర్తకం పెంచాలని, రాజు కీర్తి చాటాలని ఆరాటపడుతున్న కోల్బేర్‌కు ఈ పథకం నచ్చింది. కాని కోల్బేర్ తొందరపడే మనిషి కాదు. నిపుణుల సంఘం ఒకటి ఏర్పడి ఆ ప్రదేశమంతా తిరిగి చూసింది. ముందుగా సన్నని మచ్చుకాలువ ఒకటి తవ్వి, కొండనీరు నోరూజ్ చేరునో లేదో రుజువు చేయాలని సలహా ఇచ్చింది. ఆ మచ్చుకాలువను రికే తన ఖర్చుతో తవ్వించాడు. 1665లో కొండనీరు ఆ సన్నని చాలు వెంట పారి నోరూజ్ మిట్టను చేరింది. అనేక తరాలు అసాధ్యమన్న పని సాధ్యమని ఆనాడు తేలింది.

1666 అక్టోబరులో రాజశాసనం వెలువడింది. కాలువ నిర్మాణం రికే బాధ్యత. పూర్తి అయిన పిమ్మట కాలువ, దానిపై వచ్చే సుంకం వంశపారంపర్యంగా అతనివి. ఖర్చులో రాజు కొంత, లాంగ్‌డాక్ రాష్ట్రసభ కొంత, రికే కొంత భరించాలి. చివరికి అయిన వ్యయం కోటిన్నర లీవ్రలకు పైచిలుకు. అందులో సుమారు అయిదవ వంతు రికే పెట్టాడు. ఆ సొమ్ము పుట్టడంకోసం ఉప్పు ఇజారాను రూసియోన్ ప్రాంతానికి కూడా విస్తరింపజేసుకొన్నాడు. ఆ ప్రాంతం 1659లోనే ఫ్రాన్సుకు లోబడింది. అంతకుముందు అక్కడ ఈ పన్ను లేదు. కొండపల్లెల ప్రజలు తిరగబడ్డారు. 1667 మొదలు కొన్ని ఏండ్లపాటు ఆ తిరుగుబాటు సాగింది. సైన్యం దానిని క్రూరంగా అణచింది. రికే చరిత్ర చెప్పేవారు ఈ సంగతిని దాచరాదు. మిట్టమీదికి ఎక్కిన నీటివెనుక ఆ పల్లెల కన్నీరు కూడా ఉంది.

పన్నెండువేల చేతులు

1667 ఏప్రిలులో నల్లకొండల దిగువన లోదో వాగుకు అడ్డంగా సేన్-ఫెర్రెయోల్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. వానకాలపు నీటిని నిలవచేసి ఎండాకాలంలో వదలడం దాని పని. మూడు రాతిగోడలు కట్టి వాటి నడుమ మట్టి నింపారు. పొడవు సుమారు 780 మీటర్లు, ఎత్తు ముప్ఫై మీటర్లకు పైన. అరవై లక్షల ఘనపు మీటర్లకు మించిన నీరు దానిలో నిలుస్తుంది. ఆ కాలపు ఐరోపాలో అటువంటి ఆనకట్ట అపూర్వం. ఆ మట్టిలో ఎక్కువ భాగం స్త్రీలు తట్టలకెత్తి మోసినదే.

పని జోరుగా సాగిన దినాలలో కాలువమీద పన్నెండువేలమంది శ్రమించారు. వారిలో స్త్రీలు వందలకొద్దీ ఉన్నారు. పిరనీజ్ కొండప్రాంతాలనుండి వచ్చిన స్త్రీలకు కొండవాలున నీటిచాళ్లు తీర్చడం పుట్టుకతో వచ్చిన విద్య. మట్టి మోయడమే కాక, నీటికి దారి తీర్చడంలో కూడా వారి అనుభవం ఉపయోగపడిందని ఇటీవలి పరిశోధకులు చూపారు.

కూలివారి విషయంలో రికే నడిపిన పద్ధతి ఆ కాలానికి వింత. నెలకు పది లీవ్రల జీతం ఏర్పాటు చేశాడు. ఆదివారాలకు, పండుగలకు, వానవల్ల పని ఆగిన దినాలకు జీతం కోసేది లేదు. జబ్బుపడిన దినాలకు కూడా ఇచ్చేవాడు. వ్యవసాయపు కూలికంటె ఇది మేలు. పొలాలకు కూలివారు దొరకడం లేదని చుట్టుపట్ల భూస్వాములు ఆగ్రహించారు. ఇది దయవల్ల చేసిన పనియో, కూలివారు నిలవాలనే వర్తకుని తెలివియో తేల్చడం కష్టం. ఉప్పుపన్ను పిండిన చేతితోనే ఈ జీతమూ పంచాడు. రెండూ నిజమే.

పనిలో పొరపాట్లు జరగకపోలేదు. మొదట కట్టిన లాకులకు గోడలు తిన్నగా లేపారు. తడిసిన మట్టి ఒత్తిడికి ఒక లాకు గోడ కూలిపోయింది. రికే కట్టినవాటిని విప్పించి, కోడిగ్రుడ్డు ఆకారంలో తిరిగి కట్టించాడు. వంపు తిరిగిన గోడ పడుకోబెట్టిన కమానువంటిది. మట్టి ఎంత తోస్తే దాని రాళ్లు అంతగా ఒకదానినొకటి పట్టుకొంటాయి. ఈనాటికీ ఆ కాలువ లాకులను చూడగానే గుర్తుపట్టేది ఆ ఆకారాన్నిబట్టే. నోరూజ్ వద్ద నీరు చేరే చోట ఎనిమిది మూలల పెద్ద కొలను తవ్వించాడు. దాని చుట్టూ ఒక పట్టణం వెలయాలని అతని కోరిక. కొండనీరు తెచ్చిన ఒండ్రుతో కొలను పూడిపోయింది, పట్టణం వెలయలేదు. కాస్తెల్నోదారి పట్టణం ముందుకువచ్చి ధనసహాయం చేసింది. కాలువ ఆ ఊరి మీదుగా పోయింది. కార్కసోన్ నగరం ధనం ఇవ్వక వెనుదీసింది; కాలువ ఆ నగరాన్ని తప్పించుకొని పోయింది. 1810లో గాని కాలువను ఆ నగరానికి మళ్లించలేదు.

మాల్పా సొరంగం

కాలువ తూర్పుభాగంలో ఆర్జాన్ అనే ఊరినుండి బెజియేవరకు 54 కిలోమీటర్లు ఒక్క లాకైనా లేదు. అంత దూరమూ నీరు ఒకే మట్టాన నిలిచి ఉంటుంది. కొండలను తవ్వక, పల్లాలను పూడ్చక, ఒకే ఎత్తున ఉన్న నేలను వెతుక్కొంటూ కాలువను నడిపించడంవల్ల ఇది సాధ్యమైంది. మెలికలకు కారణం ఇదే. నేల మాట విని పోయిన కాలువ కనుక మెలికలు తిరిగింది. మెలికలు తిరిగింది కనుక మట్టం తప్పలేదు. రెపూద్రు అనే వాగు అడ్డమైన చోట మాత్రం వాగుపైన రాతివంతెన కట్టి, దానిమీదుగా కాలువను దాటించారు. 1676 నాటి ఆ అక్విడక్టు నేటికీ చెక్కుచెదరలేదు.

ఐతే బెజియే సమీపాన ఆన్సెరూన్ కొండ అడ్డం వచ్చింది. రాయి మెత్తనిది, తవ్వితే కూలుతుందని పలువురు భయపెట్టారు. అప్పటికే కోల్బేర్ మనస్సులో అనుమానాలు నాటుకొన్నాయి. గడువులు దాటిపోయాయి, ఖర్చు పెరిగిపోయింది, రికే రాజధనాన్ని సొంతానికి వాడుకొంటున్నాడని శత్రువులు కొండెములు మోశారు. తనిఖీ అధికారులు వచ్చిపడ్డారు. కొండవద్ద పని ఆపవలసిందిగా ఉత్తర్వులు వచ్చాయి. రికే పాస్కల్ ద నిసాన్ అనే మేస్త్రిని పిలిచి, రహస్యంగా పని సాగించుమని నియోగించాడని, కొద్ది దినాలలోనే సొరంగం ఈవలనుండి ఆవలకు తెరచుకొన్నదని కథ. 1679లో మొదలైన ఆ మాల్పా సొరంగం పొడవు 160 మీటర్లకు పైన. పడవలు పోవడానికై ఐరోపాలో తవ్విన మొదటి సొరంగం అదే. అక్కడినుండి బెజియే దిగువకు నేల ఒక్కసారిగా వాలుతుంది. ఫోన్సెరాన్ వద్ద ఎనిమిది తొట్లను మెట్లవలె ఒకదాని కిందొకటి పేర్చి, పడవలను ఇరవై మీటర్లకు పైగా దింపారు. తాను పుట్టిన ఊరి ముంగిట రికే వేసిన మెట్లవి.

ఈలోగా అతని ఆస్తి కరిగిపోయింది. రాజు ఇవ్వవలసిన వాయిదాలు ఆలస్యమయ్యేవి. కూలివారి జీతం ఆలస్యం చేయడానికి వీలులేదు. రికే అప్పులు తెచ్చాడు. భూములు తాకట్టుపెట్టాడు. కుమార్తెల కట్నాలకై దాచిన సొమ్ము కూడా కాలువలో పోశాడు. డెబ్బయ్యవ ఏట అతని వద్ద మిగిలినవి తీరని అప్పులు, ముగియని కాలువ. మంత్రి ఆదరం సన్నగిల్లింది; శరీరం శిథిలమైంది.

1680 అక్టోబరు 1వ తేదీన తులూజ్‌లో రికే కన్నుమూశాడు. అప్పటికి కాలువ తో సరస్సును, దానిద్వారా సముద్రాన్ని చేరడానికి ఒక ఆమడ దూరం కూడా మిగలలేదు. నాలుగు కిలోమీటర్లకు అటు ఇటు. అతని అప్పు ఇరవై లక్షల లీవ్రలకు పైమాట. పెద్దకుమారుడు జా-మాతియా మిగిలిన పని పూర్తిచేశాడు. 1681 మే నెలలో రాజప్రతినిధులు పడవలెక్కి కాలువ పొడవునా ప్రయాణం చేసి ప్రారంభోత్సవం జరిపారు. తులూజ్‌లోని సేన్-తెత్యేన్ కతీడ్రలు చర్చిలో సమాధిగతుడైన రికే ఆ పడవల మేళతాళాలు వినలేదు. అతని వారసులు అప్పులు తీర్చుకొని కాలువమీద లాభం కళ్లజూడడానికి 1724వరకు పట్టింది.

గుర్రాల బాట, సైకిళ్ల బాట

1686లో రాజు ఇంజనీరు వోబాఁ కాలువను తనిఖీచేసి, వరదవాగులు కాలువలో పడకుండా మరికొన్ని అక్విడక్టులు కట్టవలెనని సూచించాడు. అవి కట్టిన పిమ్మట కాలువ స్థిరపడింది. ధాన్యం, ద్రాక్షసారా, ఉప్పు పడవలమీద పోయేవి. టపా పడవలలో జనం ప్రయాణం చేసేవారు. గట్టున గుర్రాలు పరుగు తీస్తూ వాటిని లాగేవి. 1787 మేలో అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ ఈ దారినే వచ్చాడు. తన బండి చక్రాలు ఊడదీయించి, బండిని పడవమీద పెట్టించుకొని, మనస్సు పుట్టినప్పుడు దిగి గట్టువెంట నడుస్తూ తులూజ్ చేరాడు. గట్టుబాటను విహారానికై వాడినవారిలో అతడొకడనవచ్చును.

19వ శతాబ్దిలో పడమటి భాగం కూడా పూర్తి అయింది. తులూజ్‌నుండి బోర్డో వైపు గరోన్ నది పక్కగా తవ్విన కాలువ 1856లో ముగిసింది. కాని మరుసటి ఏడే బోర్డోనుండి సెత్‌కు రైలు పడింది. మరొక ఏడాదికి రైలు కంపెనీయే కాలువను నలభై ఏండ్లకు కౌలుకు తీసుకొన్నది. పోటీదారు చేతిలో పడిన కాలువ క్షీణించింది. పిమ్మట ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. 20వ శతాబ్దిలో పడవలకు ఇంజనులు వచ్చాయి. గుర్రాల బాటకు పని పోయింది. శతాబ్ది చివరిపాదంలో సరుకుల రవాణా కూడా ఆగిపోయింది. విహారపు పడవలు మిగిలాయి. 1996లో యునెస్కో సంస్థ ఈ కాలువను, దాని శాఖలతో కలిపి 360 కిలోమీటర్ల జలమార్గాన్ని, దానిమీది 328 కట్టడాలను ప్రపంచవారసత్వ సంపదగా ప్రకటించింది.

ఆ విధంగా ఖాళీపడిన గట్టుబాట సైకిలు యాత్రికులకు దక్కింది. నేడు అట్లాంటిక్ తీరంలోని రోయాన్‌నుండి సెత్‌వరకు సుమారు 750 కిలోమీటర్ల సైకిలు మార్గం గుర్తులు పెట్టి సిద్ధంగా ఉంది; రెండు సముద్రాల కాలువ మార్గమని దానికి పేరు. బోర్డో దాటగానే కొంతదూరం పాత రైలుకట్టమీద పోతుంది. 1937లో ఫ్రాన్సు సైకిలు పందెం గెలిచిన రొజే లాపెబీ పేరు ఆ కట్టకు పెట్టారు. పిమ్మట గరోన్ కాలువ గట్టు పట్టి, ఆజాన్ వద్ద ఇరవైమూడు కమానుల అక్విడక్టుమీద నదిని దాటి, తులూజ్ చేరుతుంది. తులూజ్‌నుండి నోరూజ్ దిక్కుగా దాదాపు 50 కిలోమీటర్లు తారుపోసిన నున్నని బాట. ఆ దూరంలో ఎక్కవలసిన ఎత్తు అరవై మీటర్లకు మించదు. లాకు వచ్చినప్పుడల్లా రెండు మూడు మీటర్ల చిన్న వాలు తగులుతుంది, అంతే. నోరూజ్‌కు ఆవల బాట స్వభావం మారుతుంది. పెక్కుచోట్ల మట్టి, రాళ్లు, చెట్ల వేళ్లు. వాన కురిస్తే బురద. వెడల్పు టైర్లు లేనివారికి కష్టమే. అయినా యాత్రికులు పోతూనే ఉంటారు. నోరూజ్‌నుండి రెవెల్ దిక్కుగా కొండనీటి కాలువ వెంట కూడా బాట ఉంది. ఆ దారిన పోయినవాడు రికే ఆలోచన పుట్టిన చోటికే పోతాడు.

కాలువకు అందం తెచ్చిన ప్లేన్ చెట్లు రికే నాటినవి కావు. 1830 ప్రాంతాన మొదలుపెట్టి నాటినవి. నలభైరెండు వేల చెట్లు రెండు గట్లమీదా పందిరివేసి యాత్రికులకు నీడనిచ్చాయి. 2006లో వాటికి బూజు తెగులు సోకినట్లు కనుగొన్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికానుండి వచ్చిన తుపాకిమందు పెట్టెల కొయ్యలో ఆ తెగులు ఐరోపాకు చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మందు లేదు. తెగులు సోకిన చెట్టును, దాని చుట్టుపక్కల చెట్లను నరికి కాల్చడమే మార్గం. వేలాది చెట్లు పోయాయి. వాటి స్థానంలో వేర్వేరు జాతుల మొక్కలు నాటుతున్నారు. ఆ నీడ తిరిగి రావడానికి ఒక తరం పడుతుంది. నాటేవారిలో పలువురు ఆ నీడన నడవరు. రికే కాలువకు ఇది కొత్త సంగతి కాదు.

1838లో బెజియే పట్టణం రికేకు విగ్రహం నెలకొల్పింది. నోరూజ్ మిట్టమీద అతని వంశస్థులు రాతిస్తంభం నిలిపారు. ఆ వంశానికి ఈనాడు కాలువమీద హక్కు లేదు. సుంకం వసూలు చేసే అధికారమూ లేదు. రాజశాసనంలో వంశపారంపర్యమని వ్రాసినది గతించింది. గుర్రాల బాట మాత్రం నిలిచింది. దానిమీద పోవడానికి ఎవరూ ఎవరికీ పన్ను కట్టనక్కరలేదు. ఈ కాలువకు మూలధనంలో కొంత రికే వారసుల ఆస్తి. కొంత ఉప్పుకొన్న పేదల సొమ్ము. వారసులకు బాకీ 1724లో తీరింది. ఉప్పుకొన్నవారి బాకీ ఏ లెక్కలోనూ ఎక్కలేదు. పల్లెలనుండి పట్టణాలనుండి వచ్చి, సైకిలు తప్ప వేరు వాహనం లేకుండా, ఎవరినీ అడగనక్కరలేకుండా ఆ గట్టున సాగిపోయే సామాన్యజనాన్ని చూస్తే ఆ రెండవ బాకీలో కొంతైనా ఆలస్యంగా చెల్లుతున్నదని అనిపిస్తుంది.